విశ్రాంత దంపతుల కారవాన్ ప్రయాణం: విజయవాడ నుంచి డెల్టా ఊళ్ల మీదుగా ఒక వారం

పదవీ విరమణ తరువాత కారవాన్‌లో ఊళ్లు తిరగాలనుకునే దంపతులు మొదట బండి గురించే ఆలోచిస్తారు. పరుపు ఎంత వెడల్పు, ఏసీ ఎన్ని టన్నులు, లోపల బాత్‌రూమ్ ఉందా లేదా అన్న ప్రశ్నలతోనే నెలలు గడిచిపోతాయి. నిజానికి ప్రయాణం సుఖంగా సాగేదీ సాగనిదీ తేల్చేది సాయంత్రం నాలుగింటికల్లా ఆ రాత్రి మజిలీ ఎక్కడో తెలిసి ఉండడమే. విదేశాలలో ఉన్నట్లు నీళ్ల కొళాయి, కరెంటు ప్లగ్గు ఉన్న కారవాన్ పార్కులు మన చిన్న ఊళ్లలో లేవు. ఆ లోటును మనుషులతో మాట్లాడి పూడ్చుకోవాలి; మన వైపు అది ఏమంత కష్టం కాదు, కాని చీకటి పడిన తరువాత అడిగితే ఎవరైనా అనుమానంగానే చూస్తారు. కాబట్టి రోజుకు 50, 60 కిలోమీటర్లకు మించి వెళ్లకుండా పథకం వేసుకోవాలి. మొదటి ప్రయాణానికి విజయవాడలో బయలుదేరి కూచిపూడి, అవనిగడ్డ, రేపల్లె, బాపట్ల, చీరాల, పొన్నూరు, గుంటూరు మీదుగా తిరిగి వచ్చే దారి చాలా అనుకూలమైనది. పక్కదారులతో కలిపి మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. ఏ రోజు అలసట అనిపించినా రెండు మూడు గంటలలో ఇల్లు చేరవచ్చు.

బండి, కాగితాలు

మొదటిసారి అద్దెకు తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒక వారం అందులో పడుకుని లేస్తే గాని మీకు ఏది అవసరమో, ఏది ప్రకటనల మోజో తెలియదు. అద్దె బండి చూడడానికి వెళ్లినప్పుడు లోపలి అలంకరణ కన్నా ముందు మెట్టు చూడండి. టెంపో ట్రావెలర్ వంటి బండిలో నేల ఎత్తుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి రోజుకు పాతికసార్లు ఎక్కి దిగవలసిన చోట మడత మెట్టు ఒకటి అదనంగా ఉండాలి, తలుపు పక్కన నిలువు కడ్డీ గట్టిగా బిగించి ఉండాలి. మంచం రెండు వైపుల నుంచీ దిగేలా ఉందో లేదో కూడా చూడండి. రాత్రి రెండు మూడుసార్లు లేచే వయసులో ఒకరి మీదుగా ఒకరు దాటుకుని వెళ్లవలసి వస్తే ఇద్దరికీ నిద్ర ఉండదు.

సొంతంగా చేయించుకోదలచిన వారికి విజయవాడ ఆటోనగర్ చేతిలోనే ఉంది. ట్రావెలర్ గాని, వింగర్ గాని కొని షెడ్డులో ఇస్తే వెల్డింగ్ నుంచి సీటు కుట్టు పని వరకు ఒకే వీధిలో అయిపోతుంది. అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయించాలంటే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో నమోదు చేయించాలి. ఆ నమోదు లేకుండా సీట్లు పీకించి మంచాలు వేయిస్తే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ ఆ ఒక్క కారణం చూపి చెల్లింపు నిరాకరించే వీలుంటుంది. మార్పులు చేసిన సంగతి పాలసీలోనూ రాయించుకోవాలి. బరువు విషయంలో కూడా మేస్త్రీ చెప్పే మాట మీద పూర్తిగా ఆధారపడకండి. లీటరు నీరు కిలో బరువు కాబట్టి వంద లీటర్ల ట్యాంకు నింపితే ఇంకొక పెద్ద మనిషిని ఎక్కించుకున్నంత లెక్క. ఆ ట్యాంకు వెనుక బంపర్ దగ్గర కాకుండా ఇరుసుకు దగ్గరగా, అడుగు భాగంలో ఉండాలి. పని పూర్తయ్యాక నీళ్లు, సామాను నింపి వేబ్రిడ్జి మీద తూకం వేయించి, ఆర్‌సీలో ఉన్న స్థూల బరువుకు, అంటే మనుషులు, సామానుతో కలిపి బండికి అనుమతించిన మొత్తం బరువుకు, లోబడి ఉందో లేదో చూసుకోవాలి. మించితే కమాన్ కట్టలకూ (బండి బరువు మోసే స్ప్రింగులకూ) బ్రేకులకూ ముప్పే.

లైసెన్సు సంగతి తేలికగా తీసుకోవద్దు. 7,500 కిలోల లోపు స్థూల బరువున్న బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సు సరిపోతుంది. అదే పరిమితిలోని రవాణా వాహనాలకు కూడా అది చెల్లుతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కాని 55 దాటాక పునరుద్ధరణ అయిదేళ్లకు మాత్రమే ఇస్తారు కాబట్టి, మీ కార్డు మీద గడువు తేదీ ఒకసారి చూసుకోండి. పునరుద్ధరణకు డాక్టరు సంతకంతో ఫారం 1ఎ, అంటే వైద్య ధ్రువపత్రం, కావాలి. కంటి శుక్లాల శస్త్రచికిత్స వాయిదా వేస్తూ వస్తున్నవారు ముందు అది చేయించుకుని, డాక్టరు నడపవచ్చునన్న తరువాతే బయలుదేరాలి. బీమా, కాలుష్య ధ్రువపత్రం, ఫాస్టాగ్ మామూలే. ఇద్దరిలో ఒక్కరికే డ్రైవింగ్ వచ్చినట్లయితే నడిపే మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లడం ఏమీ నామోషీ కాదు. దారిలో ఆయనకు జ్వరం వస్తే ఆవిడ బండిని రోడ్డు పక్కకు కూడా జరపలేని పరిస్థితి రాకూడదు.

ఎప్పుడు బయలుదేరాలి

సంక్రాంతి హడావుడి తగ్గిన తరువాత, అంటే జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి వరకు డెల్టాలో తిరగడానికి మంచి కాలం. మార్చి దాటితే బండి లోపల మధ్యాహ్నం కూర్చోలేము. రోహిణి కార్తె గురించి చెప్పనే అక్కరలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు తుపానుల కాలం. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది ఈ దివిసీమకే. అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతాలలో పెద్దవారితో మాట కలిపితే ఆ సంగతి రాకుండా ఉండదు. అల్పపీడనం వార్త వింటే ఎంత దూరం వచ్చినా వెనక్కి తిరగాలి తప్ప, చూద్దాంలే అని సముద్రం వైపు వెళ్లకూడదు. డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున పొలాల మీదా కాలువల మీదా మంచు దట్టంగా దిగుతుంది. సూర్యుడు పైకి వచ్చేవరకు కాఫీ తాగుతూ కూర్చోవడమే క్షేమం. కోతల రోజులలో రోడ్డులో సగం మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పెడతారు. చీకటిలో ఆ రాళ్లు కనబడవు. రాత్రి బండి నడపవద్దనడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

 

నీరు, కరెంటు, గ్యాస్

ఇద్దరు మనుషులు పొదుపుగా వాడితే వంద లీటర్ల నీరు నాలుగు రోజులు వస్తుంది. స్నానం మగ్గుతో చేయాలి. షవర్ పెట్టుకుంటే రెండు రోజులలో ట్యాంకు ఖాళీ. తాగడానికి ఊరూరా ఆర్‌ఓ ప్లాంటులో 20 లీటర్ల క్యాను నింపుకోవచ్చు. సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీరు ఉప్పగా ఉంటుంది, అందువల్ల పెద్ద ట్యాంకును అవనిగడ్డ దారిలోని చల్లపల్లి దాటకముందే నింపుకోండి.

కరెంటు లెక్క ఒకటి గుర్తుంచుకుంటే చాలు. 12 వోల్టుల, 100 యాంపియర్ అవర్ బ్యాటరీలో నిండా ఉన్నది 1,200 వాట్ అవర్లు. టన్ను ఏసీ ఒక్కటే గంటకు దాదాపు అంత తింటుంది. అదే 12 వోల్టుల ఫ్యాను 30 వాట్లు తీసుకుంటుంది కాబట్టి రాత్రంతా తిరిగినా బ్యాటరీలో సగం కూడా అయిపోదు. చలికాలంలో వెళ్లమనడం ఇందుకు కూడా. ఇన్సులిన్ వాడేవారు మాత్రం 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టించుకోవాలి. వాడకానికి తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఐసు గడ్డలకు తగిలి గడ్డకడితే అది పనికిరాదు.

నిద్రపోయేటప్పుడు ఏసీ కోసం ఇంజిను గాని, జనరేటరు గాని నడపకండి. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు నిద్రలోనే చనిపోయారు; జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. ఆ వాయువుకు వాసన లేదు, కళ్లు మండవు, మెలకువ రాదు. దానిని పట్టి మోగే చిన్న అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అద్దె బండిలో లేకపోతే మీరే కొని తలగడ దగ్గర పెట్టుకోండి. వంట గ్యాసుకు ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ కాకుండా 5 కిలోల చిన్నది, రసీదుతో కొన్నది పెట్టుకోవాలి. గ్యాసు గాలి కన్నా బరువైనది కనుక కారితే నేల మీద పేరుకుంటుంది. సిలిండర్ పెట్టే గూటికి కింది భాగంలో బయటికి కన్నాలు ఉండాలి. బండి కదిలే ముందు రెగ్యులేటర్ కట్టేయాలి, ఆ పని ఎవరిదో ఇద్దరూ ముందే అనుకోవాలి. లేకపోతే ‘నువ్వు కట్టావనుకున్నాను’ అన్న మాట వినవలసి వస్తుంది.

బాత్‌రూమ్ గురించి మొహమాటం లేకుండా చెప్పుకోవడం మంచిది. చిన్న బండ్లలో ఉండేది తీసి పారబోసే పెట్టె రకం. ఇద్దరికి రెండు మూడు రోజులలో నిండుతుంది. దానిని రాత్రి అవసరానికి మాత్రమే ఉంచుకుని, పగలు పెట్రోలు బంకులలో, గుళ్ల దగ్గర, సత్రాలలో ఉన్నవి వాడుకోండి. పెట్టెను అనుమతి అడిగి సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయాలి, ఒక బకెట్టు నీళ్లు మీరే పోసి రావాలి. అందులో ఫినాయిల్ ఎడాపెడా పోస్తే ఆ ఇంటివారి సెప్టిక్ ట్యాంకులో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి. కాలువలో పారబోయడం గురించి ఆలోచన కూడా వద్దు, దిగువన ఆ నీటినే చెరువుకు పెట్టుకుని తాగే ఊళ్లు ఉన్నాయి.

సాయంత్రం మజిలీ

మూడున్నర, నాలుగు గంటలకు ఊరు చేరి, ముందు బండి రోడ్డు వారగా ఆపి, దిగి నడుస్తూ చూడాలి. బండితో సందులలోకి వెళ్లకూడదు. వేలాడే కేబుల్ వైర్లు, తక్కువ ఎత్తు రైల్వే అండర్‌పాసులు కారు నడిపిన అలవాటులో కనబడవు. మీ బండి ఎత్తు ఏసీతో కలిపి టేపుతో కొలిచి, ఆ అంకెను స్టీరింగ్ ముందు పెద్ద అక్షరాలతో అంటించండి.

అడగవలసిన చోట్లు క్రమంగా ఇవి: గుడి ఖాళీ స్థలం, సత్రం ఆవరణ, ముహూర్తాలు లేని రోజున కల్యాణ మండపం, రాత్రంతా తెరిచి ఉండే పెట్రోలు బంకు. దంపతులిద్దరూ కలిసి వెళ్లి అడగడంలో తేడా ఉంటుంది. ఆయన ఒక్కడే వెళ్తే వాచ్‌మన్ ‘ఆఫీసులో అడగండి సార్’ అని తప్పించుకోవచ్చు. పక్కన ఆవిడ నిలబడి, ‘బాబూ, మాది విజయవాడ. మేమిద్దరమే. ఈ రాత్రికి ఇక్కడ బండి ఆపుకుని పొద్దున్నే పూజ చూసుకుని వెళ్తాం, వంట పొగ పెట్టం’ అని చెబితే, ‘దానిదేముంది పిన్నిగారూ, అటు వేపచెట్టు కింద పెట్టండి, ఇటు పొద్దున పాల వ్యాను వస్తుంది’ అన్న జవాబు వస్తుంది. ఆ పాల వ్యాను సంగతి మీకు ఏ మ్యాపులోనూ దొరకదు. డబ్బు ఇస్తామని మొదటే అనకండి. పొద్దున వెళ్లేటప్పుడు హుండీలోనో, వాచ్‌మన్ పిల్లల చేతిలోనో పెట్టవచ్చు. అనుమతి దొరికాక ఊరి పోలీసు స్టేషనుకు ఒక ఫోను చేసి బండి నంబరు చెప్పడం కూడా మంచి అలవాటు.

బండిని వెనక్కి తీసేటప్పుడే దంపతులకు ఎక్కువ గొడవలు. దీనికి ఒకటే నియమం: వెనుక నిలబడిన వారు కుడి అద్దంలో కనబడేచోటే నిలబడాలి, కనబడకపోతే బండి ఆగిపోవాలి. కేకలు వద్దు, చేతి సైగలే. ‘ఏమండీ, ఆగండి ఆగండి’ అన్నది ఇంజిను మోతలో ‘రండి రండి’లా వినబడడం కొత్త కాదు. బండి ఆగాక పొయ్యి గట్టు మీద గ్లాసులో నిండా నీళ్లు పోసి చూడండి. ఏ వైపు ముందు పొర్లితే ఆ వైపు చక్రం కింద పలక పెట్టి ఎక్కించాలి. తల దిగువన ఉంటే రాత్రి నిద్ర పట్టదు, తలుపు దానంతట అది తెరుచుకుంటుంది, వండిన పప్పు గిన్నెలో ఒక పక్కకు చేరుతుంది.

దోమల గురించి రాయకపోతే ఇది డెల్టా ప్రయాణం కాదు. సూర్యాస్తమయానికి ముందు అరగంట, తరువాత గంట తలుపు తెరవకూడదు. కిటికీలన్నింటికీ, పైకప్పులో గాలి కోసం పెట్టిన కన్నానికి కూడా మెష్ ఉండాలి. తలుపుకు అయస్కాంతంతో అతుక్కునే తెర కొనండి. లోపల దీపం వేసి తలుపు తీసి ‘గాలి రానీ’ అని కూర్చుంటే కాలువ గట్టు మీది దోమలన్నీ మంచం మీదే. మూసిన బండిలో దోమల కాయిల్ వెలిగించవద్దు, పొగ మీ ఊపిరితిత్తులలోకే పోతుంది.

దారి

విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద, అంటే 65వ నంబరు జాతీయ రహదారి మీద, ఉయ్యూరు దాటి పామర్రు వరకు వెళ్లి, అక్కడ కుడివైపు తిరిగితే కూచిపూడి వస్తుంది. మొదటి రాత్రికి ఇంత దూరం చాలు. మరునాడు ఘంటసాలలో బౌద్ధ స్తూపపు దిబ్బ, మ్యూజియం చూసి, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు ఆలయానికి వెళ్లండి; శ్రీకృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద రచనకు ప్రేరణ కలిగిన చోటుగా ప్రసిద్ధి. గుళ్లు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు కాబట్టి పొద్దున దర్శనం, మధ్యాహ్నం బండిలో కునుకు, రెండు గంటలకు తరువాతి ఊరికి బయలుదేరడం అన్న క్రమం దానంతట అదే కుదురుతుంది. మోపిదేవి, అవనిగడ్డ తరువాత కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవికి వెళ్లి రావడానికి ఒక రోజు కేటాయించండి. ఇసుక మీదికి బండి దించకుండా గట్టి నేల మీదే ఆపి నడిచి వెళ్లాలి. మాఘ పౌర్ణమికి అక్కడ జనం విపరీతం కనుక ఆ రోజులు తప్పించాలి.

పులిగడ్డ, పెనుమూడి వంతెన దాటితే రేపల్లె. అక్కడి నుంచి 216వ నంబరు రహదారి బాపట్ల వైపు పోతుంది. భట్టిప్రోలు కొంచెం లోపలికి ఉన్నా తప్పకుండా వెళ్లవలసిన చోటు: 1892లో అక్కడి స్తూపంలో దొరికిన ధాతు పేటికల (అవశేషాలు భద్రపరచిన పెట్టెల) మీది అక్షరాలు మన ప్రాంతంలోని అతి పాత రాతలలో ఒకటి. బాపట్లలో భావనారాయణస్వామి ఆలయం, సూర్యలంక సముద్ర తీరం. చీరాలలో చేనేత, దానికి దగ్గరలోనే వేటపాలెం. నాకు ఈ దారి మొత్తంలో ఎక్కువ ఇష్టమైనది వేటపాలెంలోని సారస్వత నికేతనం. 1918లో మొదలైన గ్రంథాలయం అది. 1929లో దాని భవనానికి గాంధీ శంకుస్థాపన చేశారు. మీరు పుట్టిన సంవత్సరపు తెలుగు పత్రిక ఉందేమో అడిగి చూడండి, ఒక పూట ఎలా గడిచిందో తెలియదు. సెలవు రోజు ముందుగా కనుక్కుని వెళ్లాలి. తిరుగు దారిలో పొన్నూరు ఆంజనేయస్వామి, చేబ్రోలులో కోనేటి మధ్యన ఉన్న చతుర్ముఖ బ్రహ్మ ఆలయం పొద్దుటి పూట చూసుకోవచ్చు. కలంకారీ మీద ఆసక్తి ఉన్నవారు మొదట్లోనే మచిలీపట్నం, పెడనల కోసం ఇంకొక రోజు కలుపుకోండి.

ఆరోగ్యం విషయంలో ఎక్కువ భయం అక్కరలేదు. తెనాలి, బాపట్ల, చీరాలలో ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి, 108 ఎక్కడికైనా వస్తుంది. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కు ఫోను చేయాలి. మందులు అనుకున్న రోజుల కన్నా ఒక వారానికి ఎక్కువగా, చీటీ నకలుతో సహా పెట్టుకోండి. చక్కెర వ్యాధికి మాత్రలు వేసుకుని నడిపేవారు టిఫిను చేయకుండా స్టీరింగ్ పట్టుకోకూడదు. టైర్ల పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. అద్దె బండ్లు ఎక్కువ కాలం నిలబడి ఉంటాయి కనుక, గీతలు బాగానే కనబడినా అయిదారేళ్లు దాటిన టైర్లయితే మార్చమని అడగండి. స్టెప్నీ తేదీ కూడా చూడండి, దానిని ఎవరూ చూడరు.

చివరి రాత్రి గుంటూరులో కాకుండా మంగళగిరిలో ఆగితే మేలు. పొద్దున ఏడింటిలోపు కనకదుర్గ వారధి దాటితే విజయవాడ రద్దీ తప్పుతుంది. ఇల్లు చేరాక సామాను దించే ముందే మురికి నీటి ట్యాంకు, మంచినీటి ట్యాంకు రెండూ ఖాళీ చేసి, ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచి, గ్యాసు సిలిండర్ బయటికి తీసి, బ్యాటరీ స్విచ్ ఆపాలి. సొంత బండి అయితే అదే రోజు ఒక నోటు పుస్తకంలో ఏ ఊళ్లో ఎక్కడ ఆగారో, ఎవరిని అడిగారో, నీళ్లు ఎక్కడ దొరికాయో రాసిపెట్టుకోండి; రెండు నెలల తరువాత ఆ పేర్లు గుర్తుండవు.